చెక్‌పోస్టుకు ముందు దిగే మనిషి

బస్సు ఆగాల్సిన చోట దిగేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళకో ఇల్లుంటుంది, ఓ పనుంటుంది, వీధి మొగలో ఎదురుచూసే మనిషుంటుంది. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది వేరే రకం. ఇల్లూ వాకిలీ కనపడని ఏ మలుపు దగ్గరో లేచి, "కాస్త పక్కకి ఆపండి" అనేవాడు. అలాంటివాడు దిగితే నా కాళ్ళు కూడా దిగిపోతాయి. మోకాళ్ళు వద్దంటాయి, డాక్టరు వద్దంటాడు, అయినా దిగుతాను. ఈ ప్రపంచంలో నేను చూసిన మంచి చోట్లలో సగం ఇలా చూసినవే. మిగతా సగం బస్సు చెడిపోతే చూసినవి.

ఆ రోజు నా పక్కసీట్లో కూర్చున్నాయన అలా దిగే రకంలా కనిపించలేదు. యాభైకి అటూఇటూగా ఉంటాడు. మడత నలగని తెల్లచొక్కా, తీరుగా తీసిన పాపిట, ఒళ్ళో గుడ్డసంచీ. ఎక్కినప్పట్నుంచీ నా ముఖంకేసి ఓరగా చూస్తున్నాడు. ఎప్పుడో ఏ పత్రికలోనో పడ్డ నా ఫోటో గుర్తుపట్టాడేమోనని లోలోపల కాస్త పొంగిపోయాను కూడా.

"గడ్డం ఎవరు గీశారండీ?" అన్నాడు చివరికి.

"నేనే."

"అనుకున్నాను."

అని కిటికీలోంచి చూడ్డం మొదలెట్టాడు. అలా వదిలేస్తే ఎవరికైనా ఊరుకోబుద్ధవుతుందా?

"ఏం, బాగాలేదా?"

"బాగాలేదని కాదు. చెవి కింద కొంత వదిలేశారు. దవడ మూల దగ్గర కత్తి ఎదురు తిప్పారు. ఏమీ అనుకోకండి, చూసినప్పట్నుంచీ చెయ్యి లాగేస్తోంది."

ఆయనది సెలూన్. మేము ఎక్కిన ఊళ్ళోనే, బజారు వీధిలో, చెప్పుల దుకాణం పక్కన. రెండు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, గోడకో టీవీ. చెయ్యి మెత్తనిదని ఊరంతా ఆయన్ని మెత్తనయ్య అంటారట. అసలు పేరు నేనడగలేదు, ఆయన చెప్పలేదు. నేనెక్కడికి వెళ్ళినా ముందు సెలూన్ వెతుక్కునే మనిషిని. ఊరి సంగతి తెలియాలంటే గ్రంథాలయం తర్వాత సంగతి, ముందు అద్దం ముందు కూర్చోవాలి. మెడ మీద కత్తి ఆడుతున్నప్పుడు మనిషి అబద్ధాలు తక్కువ ఆడతాడని ఎక్కడో చదివానో, నేనే అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

"ఎందాకా వెళ్తున్నారు?" అన్నాను.

"సరిహద్దు గేటు దాకా. మా అక్క వస్తోంది అటునుంచి."

"చూసి ఎన్నాళ్ళయింది?"

ఆయన పైపెదవి తడుముకున్నాడు. "నాకు మీసం సరిగ్గా రాకముందు చూశాను."

తల్లి పోయాక ఆ అక్కే పెంచిందట. చూసిపోవడానికి అటువాళ్ళు ఆమెకి అనుమతి ఇచ్చారు. కానీ ఇటువైపు గేటు దగ్గర, నివాస కార్డున్న సొంతమనిషి ఒకరు స్వయంగా వచ్చి, ఈమె మా మనిషే అని తీసుకెళ్ళాలి. పొద్దు వాలితే గేటు మూస్తారు. అప్పటికి ఎవరూ రాకపోతే, తెచ్చిన బస్సులోనే వెనక్కి పంపేస్తారు. ఆ అనుమతి అక్కడితో చెల్లిపోయినట్టే. మళ్ళీ ఎప్పుడిస్తారో, ఆవిడ వయసుకి మళ్ళీ రాగలదో లేదో.

"చాలా టైముంది," అన్నాను బయట ఎండ చూసి.

"ఉందిలెండి. అయినా ఒక బస్సు ముందే ఎక్కాను."

ఇంతలో రోడ్డు కాలవని దాటి ఎడమకి తిరిగింది. తిరగ్గానే ఈయన లేచి నిలబడ్డాడు. సంచీ చంకలో పెట్టుకుని, నా మోకాళ్ళ మీదుగా దాటి, డ్రైవరు భుజం తట్టాడు. బస్సు ఆగింది. దిగిపోయాడు. అక్కడ ఇల్లు లేదు, కొట్టు లేదు, కాలవగట్టు తప్ప ఇంకేమీ లేదు. ఇంత మాట్లాడినవాడు నాతో ఒక్క మాటైనా చెప్పలేదు.

ఇంకేముంది, నేనూ దిగాను.

గట్టు మీద ఆయన నడక చూస్తే ఆ దారి కాళ్ళకి కంఠతా వచ్చని తెలుస్తోంది. గుంట దగ్గర చూడకుండానే పక్కకి తప్పుకున్నాడు, వంగిన కొమ్మ రాకముందే తల వంచాడు. నేను వెనకాల రొప్పుతూ పిలిచేసరికి ఉలిక్కిపడి ఆగాడు.

"మీరెందుకు దిగారండీ?"

"మీరు దిగారని."

"ఇదెక్కడి చోద్యం?"

"గేటుకి వెళ్తున్నానన్నారు. ఇటెక్కడికి?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ రోడ్డునే ముందుకి పోతే చెక్‌పోస్టు తగులుతుంది. ఇటు గట్టు పట్టుకుని రెల్లు పక్కనుంచి పోతే తగలదు. అవతల రోడ్డెక్కొచ్చు. అటు పల్లెల్లో మంచానపడ్డ పెద్దవాళ్ళకి గడ్డం గీయడానికి ఎప్పుడూ ఇలాగే వెళ్తాను."

నాకు సంగతి కొంత అర్థమైంది. అర్థమైనవాడు నోరు మూసుకోవాలి. నాకా అలవాటు లేదు.

"అంటే కార్డు లేదన్నమాట. మరి కార్డు లేకుండా గేటు దగ్గర అక్కగారిని ఎలా తీసుకొస్తారు?"

"కార్డు లేకపోవడమేంటండీ, ఉంది," అని చొక్కా జేబులోంచి తీసి చూపించాడు. ప్లాస్టిక్ తొడుగులో, ఇంకా కొత్త వాసన పోని నివాస కార్డు.

నేను కార్డు చూశాను. ఆయన్ని చూశాను. గట్టు చూశాను.

"ఇదుండగా మరి బస్సెందుకు దిగారు?"

ఆయన వెనక్కి తిరిగి రోడ్డుకేసి చూశాడు. మా బస్సు రేపిన దుమ్ము కూడా అప్పటికి సర్దుకుంది. మెల్లగా గట్టు మీద చతికిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మా ఆవిడ చెబుతూనే ఉంది. చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, 'ఏవండోయ్, అలవాటులో మలుపు దగ్గర దిగిపోయేరు, జాగ్రత్త' అంది. నేనేమన్నా చిన్నపిల్లాడినా అని నవ్వాను."

"మరి?"

"మలుపు తిరగ్గానే కాళ్ళు లేచాయండీ. నేను లేవలేదు."

నాకు నవ్వాగలేదు. ముందు ఆయన కోపంగా చూశాడు, తర్వాత ఆయనకీ నవ్వొచ్చింది. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాం. నవ్వు ముందుగా ఆగింది ఆయనకే, ఎందుకంటే పొద్దు చూసింది ఆయన.

గట్టు దారినే పోదామా అన్నాను. వద్దన్నాడు. ఈమధ్య అక్కడో కాపలా మంచె కట్టారట. ఆ దారిలో కనపడితే కార్డున్నా లేకపోయినా పట్టుకెళ్ళి కూర్చోబెడతారు, తేల్చేసరికి రోజులు పడతాయి.

"ఇదివరకు పట్టుకున్నా పోయేదేం లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు పోగొట్టుకోడానికొకటి జేబులో ఉంది కదండీ," అన్నాడు.

కాబట్టి మర్యాదగా రోడ్డెక్కి, నడిచి చెక్‌పోస్టుకి వెళ్ళి, కార్డు చూపించి, అక్కడే వెనక వచ్చే బస్సెక్కాలి. చెప్పడానికి ఎంత తేలిక. ఆయన మాత్రం గట్టు దిగడానికి రెండుసార్లు లేచి రెండుసార్లు కూర్చున్నాడు.

ఆ నడకలోనే మిగతా కథ చెప్పాడు. నేను అడుగుతూ పోయాను, ఆయన చెబుతూ వచ్చాడు. భయమేసినప్పుడు మనిషి బాగా మాట్లాడతాడు.

ఆయన సరిహద్దు దాటింది మిట్టమధ్యాహ్నం, కాపలావాళ్ళు అన్నాలకి కూర్చునే వేళ. అటువైపు పనులు పోయాయి, పంటలు పోయాయి, ఊళ్ళో వయసులో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతున్నారు. మాయమవడానికి ఒక పద్ధతుంది. దారి చూపించేవాడు ముందే చెబుతాడు: ఎవరితోనూ వెళ్తున్నానని చెప్పొద్దు, కాళ్ళకి దండం పెట్టొద్దు, వెనక్కి చూడొద్దు. చెప్పి బయల్దేరితే దారి మూసుకుంటుందని వాళ్ళలో పట్టింపు. అందరూ ఏదో చిన్న పని మీద పోతున్నట్టే ఇల్లు దాటుతారు. ఒకడు మేక తాడు విప్పడానికి, ఒకడు అగ్గిపెట్టె కొనడానికి. ఈయన పిండి ఆడించుకొస్తానని ధాన్యం పోసిన రేకు డబ్బా పట్టుకుని గడప దాటాడు. అక్క పొయ్యి దగ్గర ఉంది. "త్వరగా రా, పిండి నిండుకుంది" అంది. డబ్బా మిల్లులో వరసలో పెట్టి, అట్నుంచి అటే రెల్లులోకి పోయాడు.

"ఆ పట్టింపు ఇంకా పోలేదండీ. ఇప్పటికీ పొద్దున సెలూన్‌కి వెళ్తూ మా ఆవిడతో వెళ్తున్నానని చెప్పను. పెళ్ళయిన కొత్తలో ఏడ్చింది. తర్వాత తిట్టింది. ఇప్పుడు చెబితేనే కంగారు పడుతుంది."

ఇటువైపుకొచ్చాక, రాలిన జుట్టు ఊడుస్తానని ఒక సెలూన్‌లో చేరాడు. యజమాని ఎక్కణ్ణించొచ్చావని అడగలేదు. చెయ్యి పట్టుకుని చూసి, "వణకడం లేదు, పనికొస్తావు" అన్నాడట. ముందు నీళ్ళు నింపిన బుడగకి నురగ రాయించి, పగలకుండా గీయించేవాడు. ఆ యజమాని పోయాక ఆయన భార్య కొట్టు ఈయన చేతికే వదిలింది.

ఆ కొట్లోనే గోడ మీద టీవీ. సాయంత్రమైతే చర్చ. కంచె ఎత్తు పెంచాలా, ఇంకో కంచె కట్టాలా, వచ్చినవాళ్ళని వెతికి పంపాలా, ఉండనివ్వాలా. తెరలో నలుగురు, కుర్చీల్లో ఇద్దరు, బెంచీ మీద నలుగురు. కూలీలు దొరక్క ఇటుకబట్టీ ఆయన రానివ్వమంటాడు. కూలి రేటు పడిపోతోందని మేస్త్రీ వద్దంటాడు. రిటైరైన లెక్కల మాస్టారు, ఇల్లన్నాక తలుపుండాలా వద్దా అని అందర్నీ నిలదీస్తాడు. అందరూ చివరికి, "ఏమంటావు మెత్తనయ్యా?" అని ఈయన్ని అడిగేవారు.

"మీరేమనేవారు?"

"నురగ రాసుకున్నవాళ్ళు తల ఊపకూడదు కదండీ, తెగుతుంది. అందుకని వాళ్ళందరి తరఫునా నేనే ఊపేవాణ్ణి."

"లోపల మంటగా ఉండేది కాదూ?"

"మాస్టారి మాటలో తప్పేముందండీ. ఇంటికి తలుపుండాలి. నేను దూరింది గోడ పక్క సందులోంచి, అది నాకూ తెలుసు. కానీ సందులోంచి వచ్చినవాడు కూడా ఇల్లు ఊడుస్తాడు, దీపం పెడతాడు. ఎంతకాలానికి ఇంట్లోవాడవుతాడు? నాకు కావలసింది ఆ ఒక్క లెక్కే. ఆయన అది ఎప్పుడూ చెప్పలేదు."

ఆ లెక్క చివరికి ప్రభుత్వమే చెప్పింది. ఏళ్ళ తరబడి కొట్టుకుని, అరుచుకుని, ఇన్నాళ్ళుగా ఉంటూ పని చేసుకుంటూ ఏ గొడవలోనూ లేనివాళ్ళకి కార్డులివ్వొచ్చని తేల్చారు. యజమాని భార్య వెంటబెట్టుకుని పెద్ద ఊరి ఆఫీసుకి తీసుకెళ్ళి సాక్ష్యం చెప్పింది. కార్డు వచ్చి పట్టుమని పదిరోజులు కాలేదు. తన భార్యకి తప్ప ఇంకెవరికీ చూపించలేదు.

"మరి ఇప్పుడు చెక్‌పోస్టంటే ఇంత బెంగెందుకు?"

"అక్కడ ఇనస్పెక్టరుగారున్నారు. వారం వారం గడ్డానికి నా దగ్గరికే వస్తారు. మీసం ఇంకెవరి చేతా ముట్టనివ్వరు. 'ఆవలివాళ్ళలో నీలాంటి బుద్ధిమంతుడు ఒక్కడున్నా కంచె నేనే పీకించేస్తానయ్యా' అనేవారు. ఆయనకి నేనెవరో తెలీదు."

చెక్‌పోస్టు అంటే రోడ్డుకడ్డంగా ఎరుపూ తెలుపూ చారల గడ, పక్కన రేకుల గది, దాని ముందు నీళ్ళ కుండ. కొత్తగా వచ్చిన జవాను ఒకడు మమ్మల్ని దూరం నుంచే చూస్తున్నాడు. నడుచుకుంటూ వచ్చేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు మరి.

"ఎక్కణ్ణించి?"

"బస్సులోంచండీ," అన్నాడు మెత్తనయ్య.

"బస్సేది?"

"వెళ్ళిపోయింది."

"చెక్‌పోస్టు ముందర ఎవరైనా బస్సు దిగుతారా?"

"ఈయన దిగారు," అని నన్ను చూపించాడు.

"మీరెందుకు దిగారు?"

"ఆయన దిగాడని," అన్నాను. నిజం చెబితే ఇంత తెలివితక్కువగా వినిపిస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"కార్డులు తియ్యండి."

మెత్తనయ్య రెండు చేతులతో కార్డు అందించాడు. నేను జేబులు తడుముకున్నాను. పై జేబు, పక్క జేబులు, మళ్ళీ పై జేబు. అప్పుడు వెలిగింది. నా సంచీ బస్సులో, తల పైన అరలో ఉంది. కార్డు సంచీలో ఉంది.

"నాది బస్సులో ఉండిపోయింది."

"అందరూ అదే అంటారు."

"నేను ఇక్కడే పుట్టాను బాబూ. మా తాతలూ ఇక్కడే పుట్టారు."

"అదీ అందరూ అనేదే."

అప్పుడు నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా, ఈ కార్డులూ ముద్రలూ నిన్నమొన్న వచ్చినవనీ, ఒకప్పుడు మనుషులు గాలివాటున ఎటు కావాలంటే అటు పోయేవారనీ, నది దిశ మార్చుకుంటే రాజ్యాలు దిశ మార్చుకునేవనీ మొదలెట్టాను. మెత్తనయ్య నా మోచెయ్యి గిల్లాడు. జవాను గదివైపు తిరిగి, "సార్, ఒకసారి రావాలి. ఒకాయన దగ్గర కార్డుంది గానీ కొత్తగా ఉంది. ఇంకొకాయన దగ్గర ఉపన్యాసం తప్ప ఏమీ లేదు," అన్నాడు.

ఇనస్పెక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మీసం నిజంగానే చూడ్డానికి బావుంది. మెత్తనయ్యని చూసి ముందు ఆయన ముఖంలో కనపడింది కంగారు.

"నువ్విక్కడున్నావేమిటి? కొట్టు మూసేశావా? రేపు ఉంటావుగా?"

జవాను కార్డు అందించాడు. ఇనస్పెక్టరు చదివాడు. పుట్టిన చోటు దగ్గర ఆయన కళ్ళు ఆగాయి. తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. కుండ పక్కన పడ్డ గడ నీడ అప్పటికే బాగా పొడుగైంది. మెత్తనయ్య ఆ నీడకేసే చూస్తున్నాడు.

"ఎప్పుడొచ్చావు?"

"తమరు ఈ ఊరికి బదిలీ మీద రాకముందేనండీ."

"ఇన్నేళ్ళూ వారం వారం నా మెడ మీద కత్తి పెట్టావు."

"పెట్టానండీ. ఒక్కసారైనా గాటు పడిందా?"

జవాను మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఇనస్పెక్టరు నవ్వలేదు.

"నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాచేత ఆ మాటలన్నీ అనిపించావు."

"తమరన్నారు. నేను నురగ రాశాను."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే పట్టుకునేవారు."

"పట్టుకునేవాణ్ణే."

"అందుకే చెప్పలేదండీ."

ఇనస్పెక్టరు అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కోపమొస్తే నిలబడే మనిషిలా ఉన్నాడు. కూర్చున్నాడంటే అది కోపం కాదు. కాసేపు కాలవవైపు చూశాడు.

"నేను కంచె ఎత్తు పెంచమంటే టీవీలోవాళ్ళలా మాట్లాడుతున్నాననుకునేవాడివేమో. ఆ రెల్లులోంచి మనుషుల్ని ఎత్తి తెచ్చేది టీవీవాళ్ళు కాదు, నేను. దారి చూపిస్తానని తీసుకొచ్చి బురదలో వదిలేసి పోతారు వెధవలు. చేతుల్లోకి తీసుకుంటే కొందరు చల్లబడిపోయి ఉంటారు. ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటే ఆ చల్లదనం వేళ్ళకి తగులుతుంది. అందుకంటాను, ఎవడూ అటు అడుగు పెట్టకూడదని."

"నేనూ ఆ రెల్లులోంచే వచ్చానండీ," అన్నాడు మెత్తనయ్య. "నాతో బయల్దేరినవాళ్ళందరూ రాలేదు."

ఇద్దరూ ఆ రెల్లుకేసే చూశారు. నా దగ్గర అప్పుడు చెప్పడానికి ఏ పుస్తకంలోంచీ ఏమీ లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

తర్వాత ఇనస్పెక్టరు లోపలికెళ్ళి ఫోను చేశాడు. కార్డు సంగతి పై ఆఫీసుతో సరిచూసుకోవడం వాళ్ళ పద్ధతి. గదిలోంచి ఒక్కో అంకె గట్టిగా చదువుతున్న గొంతు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. మెత్తనయ్య ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

ఇనస్పెక్టరు బయటికొచ్చి కార్డు తిరిగి ఇచ్చాడు.

"అసలైనదే," అన్నాడు.

మెత్తనయ్య కార్డు జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేం కావాలి?"

"వెళ్ళొచ్చాండీ?"

"నన్నడుగుతావేమిటయ్యా. ఇకమీదట అడగక్కర్లేదనే కదా దాన్నిచ్చింది."

ఆ మాట లోపలికి దిగడానికి కొంత టైము పట్టింది. ఆయన భుజాలు మెల్లగా కిందికి జారడం నేను చూశాను. అంతదాకా అవి పైకి బిగదీసుకుని ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ అలాగే తిరిగినట్టున్నాడు.

"మరి ఈయన సంగతి?" అన్నాడు ఇనస్పెక్టరు నావైపు చూసి. "కార్డున్నవాళ్ళెవరైనా పూచీ ఉంటే పంపొచ్చు. ఎవరున్నారు?"

జవాను మెత్తనయ్యని చూశాడు. మెత్తనయ్య వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఎవరైనా ఉన్నారేమోనని.

"నేనాండీ?"

"నీకు కార్డుందిగా."

మెత్తనయ్య నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. దవడ మూల దగ్గర చూపు కాస్త ఎక్కువసేపు ఆగింది. తాతముత్తాతలతో సహా ఈ నేల మీద పుట్టిన నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"గడ్డం గీసుకోవడం చేతకాదు గానీ, మనిషి మంచివాడే," అన్నాడు. "నేనుంటాను పూచీ."

వెనక బస్సొచ్చింది. మేము ఎక్కి కూర్చున్నాక, పద్ధతి ప్రకారం ఆ జవానే బస్సెక్కి మళ్ళీ కార్డులడిగాడు. మెత్తనయ్య కూడా పద్ధతి ప్రకారం మళ్ళీ తీసి చూపించాడు. ఈసారి ఒక్క చేత్తోనే ఇచ్చాడు. కింద ఇనస్పెక్టరు కిటికీ దగ్గరికొచ్చి, "రేపు కొట్టు తీస్తావా లేదా, అది చెప్పలేదు," అన్నాడు.

"మా అక్కొస్తోంది కదండీ. ఎల్లుండి రండి."

"ఎల్లుండి దాకా ఈ గడ్డంతోనా?"

"ఆపద్ధర్మంగా ఈయన చేత గీయించుకోండి," అని నన్ను చూపించాడు. బస్సు కదిలింది. ఇనస్పెక్టరు నవ్వడం కిటికీ అద్దంలోంచి కనపడింది.

చారల గడ పైకి లేచింది. దాని కిందనుంచి పోతున్నప్పుడు మెత్తనయ్య ముందుసీటు కమ్మీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. దాటాక తెరిచి వెనక్కి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"వానలో కూడా ఆ గట్టెంట పోయానండీ. పాములుండేవి." కొంచెం ఆగి, "ఇంత చిన్న గడా?" అన్నాడు.

గేటు చేరేసరికి పొద్దు ఎర్రబడింది. కంచె పక్కన పొడుగాటి షెడ్డు, దానికి ఒక కిటికీ. అవతలివైపు బస్సు అప్పటికే వెనక్కి తిరిగి ఇంజను వేసుకుని నిలబడి ఉంది. తీసుకెళ్ళేవాళ్ళు లేనివాళ్ళని ఎక్కిస్తున్నారు. ఒక ముసలాయన మెట్టు మీద కాలు పెట్టి ఇటే చూస్తున్నాడు. మా బస్సు పూర్తిగా ఆగకముందే మెత్తనయ్య దూకాడు. కిటికీ దగ్గర కార్డు పెట్టి అక్క పేరు చెప్పాడు, అటు ఊరి పేరు చెప్పాడు. గుమాస్తా లోపలికి కేకేశాడు.

షెడ్డు చివరి బల్ల మీదనుంచి ఒకావిడ లేచింది. జుట్టు మొత్తం నెరిసింది, నడుము కాస్త వంగింది. మెత్తనయ్య ఆవిడ ముఖంకేసి చూసి పోల్చుకోలేక నిలబడ్డాడు. తర్వాత ఆయన చూపు కిందికి దిగింది. ఆవిడ చేతిలో రేకు డబ్బా ఉంది. ఒక పక్క సొట్ట, పైన తీగ పిడి.

గుమాస్తా ఒక చిన్న తలుపు తీశాడు. ఆవిడ ఇవతలికొచ్చి తమ్ముడి ముందు నిలబడి, చాలాసేపు చూసి, చెయ్యెత్తి పాపిట తడిమింది.

"రంగేశావా?"

"సెలూన్ కదక్కా. తెల్లజుట్టుతో కూర్చుంటే ఎవరొస్తారు?"

"డబ్బా మిల్లులో వదిలేసి పోయావు."

"గుర్తుంది."

"మర్నాడు నేనే వెళ్ళి తెచ్చుకున్నా. పిండి ఆడించి ఉంది. మిల్లువాడు నీ గురించి ఒక్క మాటడగలేదు, వాడికి తెలుసు. నాకూ తెలిసింది. ఆ పిండి ఎన్నాళ్ళకో గానీ ముట్టుకోలేకపోయాను." డబ్బా ఆయన ముందుకి చాపింది. "మూత వదులైంది. జాగ్రత్తగా పట్టుకో."

ఆయన డబ్బా అందుకున్నాడు. బరువుగానే ఉన్నట్టుంది, ఏం తెచ్చిందో నాకు తెలీదు. రెండో చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

అంతలో కండక్టరు నన్ను పిలిచాడు. ముందు బస్సువాళ్ళు నా సంచీని టిక్కెట్ల గదిలో వదిలి వెళ్ళారట. నాదేనని రుజువేమిటన్నాడు. లోపల కార్డుందన్నాను. కార్డు చూపించి సంచీ తీసుకోమన్నాడు. ఆ పీటముడి విప్పుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, మెత్తనయ్యకి ఏదో చెప్పాలని గబగబా బయటికొచ్చాను. ఏం చెప్పాలనుకున్నానో కూడా సరిగ్గా తెలీదు. సెలూన్‌కి వస్తానని కావచ్చు.

వాళ్ళప్పటికే రోడ్డెక్కారు. సాయంత్రపు నీరెండలో ఇద్దరూ మెల్లగా, ఆవిడ నడకకి సరిపడా నడుస్తున్నారు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆయన డబ్బా ఒంటికి తగలకుండా చెయ్యి కాస్త చాపి పట్టుకున్నాడు, మధ్యమధ్య మూత బొటనవేలితో నొక్కుకుంటున్నాడు. నేను చెయ్యెత్తాను. ఆయన వెనక్కి తిరగలేదు, వెళ్తున్నానని నాకు చెప్పనూ లేదు. ఊరి బస్సు ఆగే చోటుకి, అందరూ ఎక్కే చోటుకి, రోడ్డు నడిమధ్యనుంచి నడిచి వెళ్ళిపోయాడు.